పని అడగని వైద్యం

(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



డాక్టరుగారి పేరిట జరిగే ఈ సభలో మాట్లాడమని అడిగినప్పుడు విషయం కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఆయన జీవితమంతా ఛాతీ వైద్యుడిగానే ఉన్నారు. ఆయన గది బయట బెంచీ మీద కూర్చునేవాళ్లలో చాలామంది ఫ్యాక్టరీ గేటు నుంచి వచ్చినవాళ్లే. నేను ఆ గదిలో ఆయన పక్కన నిలబడి పని నేర్చుకున్నవాణ్ణి. అందుకే ఇవాళ ఆ బెంచీ మీది మనుషుల గురించి, డ్యూటీలో పీల్చే రసాయనాలు వాళ్ల ఊపిరితిత్తులను ఏం చేస్తున్నాయన్న దాని గురించి మాట్లాడతాను.

1700లో ఇటలీలోని మోడెనాలో బెర్నార్దినో రామజ్జీని అనే వైద్యుడు లాటిన్‌లో ఒక పుస్తకం అచ్చువేయించాడు. అందులో ఉన్నవన్నీ పనివాళ్ల జబ్బులే. గనుల్లోకి దిగేవాళ్లు, అద్దాలకు పాదరసం పూసేవాళ్లు, కుమ్మరులు, రాళ్లు చెక్కేవాళ్లు, ధాన్యం జల్లించేవాళ్లు, మరుగుగుంటలు ఎత్తేవాళ్లు ఇలా ఒక్కొక్క వృత్తి గురించీ రాశాడు. రోగి దగ్గరికి వెళ్లిన వైద్యుడు ఏమేం అడగాలో హిప్పొక్రటీసు కాలం నుంచి ఒక వరస ఉంది. దానికి రామజ్జీని ఒక ప్రశ్న చేర్చాడు: నువ్వేం పని చేస్తావు?

ఇది జరిగి మూడువందల ఏళ్లు దాటింది. మన ఓపీలో పేరు అడుగుతాం, వయసు అడుగుతాం, సిగరెట్టు, చుట్ట, బీడీ, షుగరు, బీపీ అన్నీ అడుగుతాం. పని గురించి అడగం. అడిగినా 'లేబర్' అనో 'ప్రైవేటు' అనో ఒక్క ముక్క రాసి తర్వాతి గడిలోకి వెళ్లిపోతాం. ఆ ఒక్క ముక్కతో రోగికి ఏమీ ఒరగదు. డాక్టరుగారు ఎలా అడిగేవారో నాకు బాగా గుర్తున్న ఒక సంభాషణ చెబుతాను. ఎదురుగా కూర్చున్నది ఒక మందుల ఫ్యాక్టరీ కుర్రాడు. ఆయాసం, పొడిదగ్గు. అప్పటికే ఇద్దరు ముగ్గురు డాక్టర్లను చూసి వచ్చాడు. సంచీలో రెండు రకాల ఇన్‌హేలర్లున్నాయి.

"ఏం పని చేస్తావు నాయనా?"

"కంపెనీలో బాబూ."

"కంపెనీలో ఏం పని?"

"హెల్పర్నండి."

"హెల్పరంటే? లోపలికెళ్లాక చేత్తో ఏం ముట్టుకుంటావు?"

"బస్తాలు విప్పి రియాక్టర్లో పోస్తానండి. చార్జింగ్ అంటారు."

"మూత తెరిచే పోస్తావా?"

"మేన్‌హోల్ తీసేనండి. ఆవిరి మొకాన కొడతాది. మొకం పక్కకి తిప్పుకుని గుమ్మరించేస్తాం."

"ఆ పొడి పేరేంటి?"

"పేరు తెలీదు బాబూ. స్టేజ్ టూ మెటీరియల్ అంటారు. డ్రమ్ము మీద నంబరుంటాది."

మొదటి జవాబు దగ్గరే ఆగిపోయి ఉంటే కేస్ షీటులో 'కంపెనీ' అని ఉండేది. రెండో జవాబు దగ్గర ఆగితే 'హెల్పర్' అని ఉండేది. తెరిచిన మేన్‌హోలూ, మొహాన కొట్టే ఆవిరీ బయటికి రావటానికి అన్ని ప్రశ్నలు కావలసి వచ్చాయి.

ఆ కుర్రాడి చేతికి డాక్టరుగారు పీక్ ఫ్లో మీటరు ఇచ్చారు. అరచేతిలో పట్టే గొట్టం అది. ఊపిరి నిండా పీల్చుకుని ఒక్క ఊపున ఊదితే ముల్లు జరుగుతుంది. అది ఆగిన చోట ఉన్న అంకె రాసుకోవాలి. లేవగానే, షిఫ్టు మధ్యలో, ఇంటికి వచ్చాక, పడుకోబోయే ముందు ఊది, పిల్లల స్కూలు నోటుబుక్కులో రాయమన్నారు. కొన్నాళ్లకు అతను నోటుబుక్కు తెచ్చాడు. అంకెలన్నీ తక్కువే, దాదాపు ఒక్కలాగే ఉన్నాయి. పని వల్ల వచ్చే ఉబ్బసంలో సెలవు రోజున ఊపిరి తేలికపడాలి, డ్యూటీలో బిగుసుకోవాలి. పుస్తకం అలా చెబుతుంది. ఇతనికి ఆ తేడా కనబడలేదు. డాక్టరుగారు పుస్తకం పక్కన పెట్టి, "నీకు వారంలో సెలవు ఏ రోజు?" అని అడిగారు. కాంట్రాక్టు లేబరుకు సెలవెక్కడిదండీ అన్నాడు. ఏడు రోజులూ డ్యూటీయే.

ఆ తర్వాత చెల్లెలి పెళ్లికని అతను ఊరెళ్లాడు. మీటరు తీసుకుని వెళ్లమన్నారు డాక్టరుగారు. తిరిగి వచ్చాక నోటుబుక్కు తెరిస్తే పెళ్లి పందిట్లో ఉన్నన్నాళ్లూ అంకెలు రోజురోజుకూ పైకి వెళ్లాయి. డ్యూటీలో చేరిన మర్నాటి నుంచి మళ్లీ దిగాయి. ఎన్నో ఖరీదైన స్కానులు చూశాను గానీ, ఆ నోటుబుక్కు చెప్పినంత స్పష్టంగా జబ్బుకు కారణం చెప్పిన రిపోర్టు నాకు ఇంకొకటి తగల్లేదు. నూలు మిల్లుల్లో వచ్చే బిస్సినోసిస్ కూడా మొదట్లో ఇలాగే ఉంటుంది. సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన మొదటి రోజున ఛాతీ పట్టేస్తుంది. సెలవే లేని మనిషిలో ఈ గుర్తులేవీ కనబడవు. వారాంతపు సెలవు ఇవ్వకపోతే ఏం పోయిందని అనేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

పని వల్ల వచ్చే ఉబ్బసానికి పేరుమోసిన కారణాల్లో ఐసోసయనేట్లు ఒకటి. పరుపుల నురుగు, కార్లకు స్ప్రే చేసే రంగులు, చెక్కకు వేసే పాలిష్ వీటిలో ఉంటాయి. 1951లోనే ఫ్రాన్సు నుంచి వీటి మీద నివేదికలు వచ్చాయి. ఒకసారి ఒంటికి పడకపోవటం మొదలైతే, ఆ తర్వాత గాలిలో లేశమాత్రం ఉన్నా ఊపిరి బిగుసుకుంటుంది. తొలి నెలల్లోనే గుర్తించి ఆ పని నుంచి తప్పిస్తే చాలామంది తేరుకుంటారు. ఇన్‌హేలరు ఇచ్చి అదే పనిలోకి పంపుతూ పోతే కొన్నేళ్లకు, పని మానేసినా జబ్బు మానదు. అంటే కారణం అడగకుండా రాసిన ఇన్‌హేలరు ఆ మనిషిని ఆ గదిలోనే మరికొన్నాళ్లు నిలబెడుతోంది.

ఇప్పుడు మిమ్మల్ని కాసేపు అమెరికా తీసుకువెళతాను. అక్కడ జరిగింది వివరంగా చెప్పటం అవసరం. ఎందుకంటే అందులో ఉన్న రసాయనానికి విషం అన్న పేరు లేదు. అది వెన్న వాసన.

మిసోరి రాష్ట్రంలో జాస్పర్ అనే చిన్న ఊరుంది. అక్కడ మైక్రోవేవ్ పాప్‌కార్న్ పొట్లాలు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. మిక్సింగ్ గదిలో పెద్ద తొట్టెల్లో సోయా నూనె వేడిచేసి, ఉప్పు, రంగు, వెన్న ఫ్లేవరు అందులో కలుపుతారు. గది నిండా కమ్మటి వాసన. తొట్టె మూత తీసినప్పుడల్లా ఆవిరి పైకి లేచేది. ఫ్లేవరు పోసే మనిషి ఆ ఆవిరి మీదికి వంగేవాడు. 2000 మే నెలలో వృత్తివ్యాధుల వైద్యుడొకరు రాష్ట్ర ఆరోగ్యశాఖకు కబురు పంపారు. ఆ ఒక్క ఫ్యాక్టరీలో 1992 తర్వాత పనిచేసి మానేసినవాళ్లలో ఎనిమిది మందికి ఒకే రకమైన తీవ్ర ఊపిరితిత్తుల జబ్బు ఉందని. జబ్బు మొదలైనప్పుడు వాళ్లలో చిన్నవాడి వయసు 27. నలుగురు అప్పటికే ఊపిరితిత్తుల మార్పిడి కోసం జాబితాలో పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నారు. అంతకుముందు వాళ్లు వేర్వేరు డాక్టర్ల దగ్గర ఆస్తమా అనీ బ్రాంకైటిస్ అనీ మందులు వాడుతూ వచ్చినవాళ్లే. ఒక్కొక్క డాక్టరూ ఒక్కొక్క రోగిని చూశాడు. ఆ రోగులందరూ ఒకే గేటులోంచి బయటికొచ్చారని ఎవరికీ తట్టలేదు.

వృత్తి ఆరోగ్య పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నయోష్ రంగంలోకి దిగింది. అప్పటికి పనిలో ఉన్న 135 మందిలో 117 మందిని పరీక్షించింది. ఊపిరి గొట్టాలు ఇరుకైపోవటం మామూలు జనంలో ఎంతమందిలో ఉండాలో లెక్కగట్టి పోల్చి చూస్తే, వీళ్లలో 3.3 రెట్లు ఎక్కువ తేలింది. జీవితంలో సిగరెట్టు ముట్టనివాళ్లలో 10.8 రెట్లు. సిగరెట్టు మీదికి నెపం నెట్టటానికి వీల్లేకుండా చేసిన అంకె అది. 2002లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

వెన్న ఫ్లేవరులో వాసనకు మూలం డైయాసిటైల్ అనే పదార్థం. నిజమైన వెన్నలోనూ సహజంగా ఉంటుంది. ఆహారంలో వాడటానికి సురక్షితమని అక్కడి ప్రభుత్వం ఎప్పుడో ఒప్పుకున్న పదార్థం. తింటే ఏమవుతుందో చూశారు. రోజుకు ఎనిమిది గంటలు, వేడి ఆవిరి రూపంలో పీలిస్తే ఏమవుతుందో చూడకుండానే కార్మికుణ్ణి ఆ తొట్టె ముందు నిలబెట్టారు. మన దగ్గర కూడా డబ్బా మీద 'ఫుడ్ గ్రేడ్' అన్న ముద్ర చూసి భరోసా పడేవాళ్లను చూశాను. ఆ ముద్ర తినేవాడి కోసం వేసింది. పోసేవాడి ఊపిరితో దానికి సంబంధం లేదు.

ఇంతకన్నా బాధ కలిగించే సంగతి ఒకటుంది. 1985లోనే ఇండియానా రాష్ట్రంలో బేకరీలకు ఫ్లేవరు మిశ్రమాలు తయారుచేసే ఒక చోట ఇద్దరు కార్మికులకు ఇదే రకమైన, మందులకు లొంగని జబ్బు వచ్చింది. నయోష్ వెళ్లి చూసింది. పనికీ జబ్బుకూ సంబంధం ఉండవచ్చని అనుమానించింది గానీ ఏ పదార్థమో తేల్చలేకపోయింది. ఆ కాగితాలు ఫైల్లోకి వెళ్లాయి. జాస్పర్ బయటపడటానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. ఆ తర్వాత డైయాసిటైల్ తీసేసి దాని బదులు పెంటేన్‌డయోన్ అనే దగ్గరి చుట్టాన్ని కొందరు వాడారు. ఎలుకల మీద చూస్తే అదీ అలాంటి హానే చేసింది. 2008 నుంచి 2012 మధ్య టెక్సస్‌లో కాఫీ గింజలు వేయించి ఫ్లేవరు కలిపే ఫ్యాక్టరీలో మళ్లీ అదే జబ్బు కనబడింది. చివరికి 2016లో నయోష్ ఒక హద్దు సూచించింది: గాలిలో నూరు కోట్ల పాళ్లకు డైయాసిటైల్ ఐదు పాళ్లు మించకూడదు. ఎంత కొద్ది మోతాదుకు ఊపిరితిత్తులు దెబ్బతింటాయో ఆ అంకె చెబుతుంది.

విద్యార్థులు ఎదుట ఉన్నారు కనుక, లోపల జరిగేదేమిటో కాస్త చెబుతాను. గాలి గొట్టం ఒకటి రెండుగా, రెండు నాలుగుగా ఇరవై మూడు సార్లు చీలుతూ గాలి తిత్తుల దాకా వెళుతుంది. రెండు మిల్లీమీటర్ల కంటే సన్నవైన గొట్టాలు లక్షల్లో ఉంటాయి. డైయాసిటైల్ వాటి లోపలి పొరను కాల్చేస్తుంది. ఒళ్లు ఆ పుండును మాన్పుకోబోయి మచ్చకణజాలాన్ని పెంచుతుంది. అది గొట్టాన్ని ఇరుకు చేసి, చివరికి మూసేస్తుంది. ప్రధాన కాలువలో నీళ్లున్నా పిల్లకాలువలు పూడిపోతే చేను ఎండుతుంది కదా, ఇదీ అంతే. పెద్ద గొట్టాలు బాగానే ఉంటాయి గనుక ఎక్స్‌రే తీస్తే చాలాసార్లు శుభ్రంగా కనబడుతుంది. 'ఎక్స్‌రే బాగుంది, నీకేం లేదు' అని పంపేస్తాం. మెట్లెక్కలేని మనిషి తనకేదో భ్రమ అనుకుంటూ ఇంటికి వెళతాడు. స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష చేస్తే గానీ తెలియదు. ఊపిరి గొట్టాలు వెడల్పుచేసే మందు పీల్పించి మళ్లీ ఊదమంటే ఆస్తమాలో అంకె మెరుగుపడాలి. ఇక్కడ కదలదు. ఊపిరి వదిలినప్పుడు తీసిన సీటీ స్కానులో లోపల చిక్కుకుపోయిన గాలి మచ్చలు మచ్చలుగా కనబడుతుంది.

వాసన చూసి ప్రమాదం తెలుస్తుందని కార్మికులు చాలామంది నమ్ముతారు. సూపర్‌వైజర్లూ అదే చెబుతారు. అది చాలా ప్రమాదకరమైన నమ్మకం. అమ్మోనియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది. అందుకే ముక్కులోనూ గొంతులోనూ పట్టుకుంటుంది, కళ్లు మండుతాయి, మనిషి పరుగెత్తుతాడు. ఆ పరుగే అతన్ని కాపాడుతుంది. నైట్రోజన్ డయాక్సైడు, ఫాస్‌జీన్ అలా కరగవు. పైన పెద్దగా మంట పెట్టకుండా నేరుగా అట్టడుగుకు దిగుతాయి. ఫాస్‌జీన్‌కు అప్పుడే కోసిన పచ్చిగడ్డి వాసన ఉంటుంది. కొద్దిగా దగ్గి, షిఫ్టు అయిందని ఇంటికి వెళ్లి, అన్నం తిని పడుకున్న మనిషికి అర్ధరాత్రి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఇలాంటి గ్యాసు పీల్చినవాణ్ణి 'బాగానే ఉన్నావుగా' అని గంటలో ఇంటికి పంపటం తప్పు. కనీసం ఒక రాత్రయినా కళ్లముందు ఉంచుకోవాలి.

మన వైపు సంగతికి వస్తాను. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. పన్నెండు మంది పోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. స్టైరీన్ అన్న పేరు ఆ రోజుతో రాష్ట్రమంతా తెలిసింది. అదే స్టైరీన్ ఒక్క చుక్క కూడా ఒలకకుండా, ఏ సైరనూ మోగకుండా మన తీరంలో రోజూ మనుషుల ముక్కుల్లోకి వెళుతోంది. చెక్క పడవల చోట ఇప్పుడు ఫైబర్ బోట్లు వచ్చాయి. అవి కట్టే షెడ్డులోకి వెళ్లి చూడండి. అచ్చు మీద గాజు నార మ్యాట్ పరుస్తారు. రెజిన్‌లో హార్డెనర్ కలిపి బ్రష్షుతో పూస్తారు, రోలరుతో అణుస్తారు, మళ్లీ మ్యాట్, మళ్లీ రెజిన్. ఆ రెజిన్‌ను పలచగా ఉంచేది స్టైరీనే. బోటు కడుపులోకి దిగి వంగి పూసే కుర్రాడి మొహం చుట్టూ ఆ ఆవిరి నిలుస్తుంది. ఆరాక గ్రైండరుతో అంచులు చెక్కుతారు, అప్పుడు దుమ్ము. మూతికి తువ్వాలు కట్టుకుంటారు.

ఫైబర్ గ్లాసు పనివాళ్లలోనూ ఆ సన్న గొట్టాలు మూసుకుపోయే జబ్బు వచ్చిందని 2013లో వైద్య పత్రికల్లో వచ్చింది. బోట్లు కట్టేవాళ్లే అందులో ముఖ్యం. కేసులు కొద్దే. జాస్పర్‌లో కూడా మొదట కొద్దే. స్టైరీన్ మనుషుల్లో కేన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థమని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2018లో నిర్ణయించింది. ఆర్.ఆర్. వెంకటాపురంలో పోయిన ప్రాణాలకు ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున ఇచ్చింది, ఇవ్వవలసిందే. ఫైబర్ షెడ్డులో పనిచేసి నలభై ఏళ్లకే మంచం పట్టినవాడికి ఎవరూ ఏమీ ఇవ్వరు. అతని జబ్బుకు తారీకు లేదు, ఎఫ్ఐఆర్ లేదు.

సిలికా దుమ్ము గురించి రెండు మాటలే చెబుతాను, దాని మీద ఈ సభలోనే చాలామందికి నాకన్నా ఎక్కువ తెలుసు. పలకల రాయి కోసేవాళ్లూ, పలుగురాయి పొడిచేసే మిల్లుల్లో పనిచేసేవాళ్లూ దగ్గుతో వస్తే మనం ముందు టీబీ మందులు మొదలుపెడతాం. ఎక్స్‌రేలో టీబీ, ఆ దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ రెండూ పైభాగంలోనే కనబడతాయి. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ సులభంగా అంటుకుంటుంది కూడా. కనుక ఒకటి ఉందంటే రెండోది లేదని కాదు. ఒక కోర్సు, రెండో కోర్సు అని టీబీ కార్డులు పోగేసుకున్న రోగి ఎదురుగా కూర్చున్నప్పుడయినా అతని పని ఏమిటో అడగకపోతే అది వైద్యుడి తప్పు.

ఇదంతా అరుదైన వ్యవహారం అని అనుకోకండి. అమెరికా, యూరప్ ఛాతీ వైద్యుల సంఘాలు కలిసి 2019లో లెక్కతీస్తే, పెద్దవాళ్లలో వచ్చే ఉబ్బసంలో 16 శాతం, సీఓపీడీ అనే దీర్ఘకాలిక శ్వాస జబ్బులో 14 శాతం, కారణం తెలియదని మనం రాసే పల్మనరీ ఫైబ్రోసిస్‌లో 26 శాతం పనిచేసేచోట పీల్చినవాటి ఖాతాలో పడ్డాయి. కారణం తెలియదని రాసినవాటిలో నాలుగో వంతుకు కారణం ఉంది. మనం అడగలేదు, అంతే.

చట్టం సంగతి. మన దేశంలో చట్టం లేదని అనకూడదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో మూడో షెడ్యూలు ఉండేది. అందులో సిలికోసిస్, ఆస్‌బెస్టోసిస్, బిస్సినోసిస్ లాంటి జబ్బులుండేవి. ఆ జబ్బు ఉందని అనుమానం వచ్చిన డాక్టరు చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాయాలని 89వ సెక్షన్ చెప్పేది. ఫ్యాక్టరీ డాక్టరే కానక్కరలేదు, ఏ డాక్టరైనా సరే. రాయకపోతే వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉండేది. ఇప్పుడు ఆ చట్టం 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో కలిసింది, డాక్టరు మీద ఆ బాధ్యత అందులోనూ ఉంది. మనలో ఎందరం ఒక్కసారైనా అలాంటి ఉత్తరం రాశాం? డాక్టరుగారు రాసేవారు. రాసి, రిజిస్టర్డ్ పోస్టు రసీదు కేస్ షీటుకు గుండుసూదితో గుచ్చేవారు. జవాబు రాకపోతే మళ్లీ రాసేవారు.

భోపాల్ గ్యాసు దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 41సి సెక్షన్ చేర్చారు. ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసే ప్రతి కార్మికుణ్ణీ పనిలో పెట్టేముందు, పనిలో ఉన్నంతకాలం, పని మానేశాక కూడా, పన్నెండు నెలలు మించని వ్యవధిలో వైద్యపరీక్ష చేయించాలని అది చెప్పింది. 'పని మానేశాక కూడా' అన్న ఆ మాటను గట్టిగా పట్టుకోవాలి. ఊపిరితిత్తుల జబ్బు బయటపడేది చాలాసార్లు అప్పుడే. ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే కేన్సర్ ఇరవై, నలభై ఏళ్ల తర్వాత వస్తుంది. కానీ ఈ ఆరు నెలలు పరవాడలో, వచ్చే ఆరు నెలలు పైడిభీమవరంలో, ఆ తర్వాత పాశమైలారంలో, ప్రతిసారీ వేరే కాంట్రాక్టరు కింద పనిచేసేవాడిని, మానేశాక ఏ ఫ్యాక్టరీ పిలిచి పరీక్ష చేయిస్తుంది? అతను తమ దగ్గర పనిచేశాడని ఒప్పుకునే కాగితమే ఎవరి దగ్గరా ఉండదు.

1995 జనవరిలో సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో ఒక తీర్పు ఇచ్చింది. అహ్మదాబాదులోని కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన కేసు అది. తీర్పు రాసింది మన తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి. కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పారు. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతవరకు దాచాలని ఆదేశించారు. జబ్బు ఎంత ఆలస్యంగా వస్తుందో తెలిసి రాసిన తీర్పు. ఆస్‌బెస్టాస్‌కు ఇచ్చిన ఆ నియమాన్ని ప్రతి రసాయన పరిశ్రమకూ, ప్రతి కాంట్రాక్టు కార్మికుడికీ వర్తింపజేయాలన్నది నా డిమాండు.

పరిహారం దగ్గర ఇంకో చిక్కు ఉంది. చట్టం జాబితాలో ఉన్న జబ్బయితే, ఆ పనిలో నిర్ణీత కాలం ఉన్నట్టు చూపితే చాలు. అది పని వల్ల రాలేదని రుజువు చేయాల్సింది యజమాని. జాబితాలో లేని జబ్బయితే రుజువు భారం కార్మికుడిది. డ్రమ్ము మీద నంబరు తప్ప పేరు తెలియని మనిషి, తన ఊపిరితిత్తులను ఏ అణువు కాల్చిందో కోర్టులో రుజువు చేయాలి. ఇది అన్యాయం. కొత్త రసాయనాలు ఏటా వస్తున్నాయి, జాబితా మాత్రం కదలదు.

మాస్కుల గురించి యజమానులకు ఒక మాట. కోవిడ్ తర్వాత ఎన్95 చేతికిచ్చి బాధ్యత తీరిందనుకునేవాళ్లు ఎక్కువయ్యారు. ఎన్95 దుమ్మును ఆపుతుంది. ఆవిరిని ఆపదు. ఆవిరికి కర్రబొగ్గు కార్ట్రిడ్జి ఉన్న రెస్పిరేటరు కావాలి, అదీ ఆ రసాయనానికి తగినదై ఉండాలి, కార్ట్రిడ్జి గడువులోగా మార్చాలి, మొహానికి సందు లేకుండా అతుక్కోవాలి. మండు వేసవిలో రేకుల షెడ్డు కింద ఎనిమిది గంటలు దాన్ని పెట్టుకోమనటం తేలిక, పెట్టుకోవటం కాదు. అందుకే మాస్కు చివరి మెట్టు. ముందు ఆ పదార్థం బదులు వేరేది దొరుకుతుందా చూడాలి, దాన్నీ పరీక్షించి చూడాలి. తర్వాత తొట్టెకు మూత, పొడి పోయటానికి మూసిన చార్జింగ్ వ్యవస్థ, ఆవిరి పుట్టే చోటే లాగేసే ఎగ్జాస్టు. జాస్పర్‌లో మిక్సింగ్ గదిని వేరుచేసి గాలి లాగే ఏర్పాట్లు చేశాక డైయాసిటైల్ బాగా తగ్గింది. అదేమీ బ్రహ్మవిద్య కాదు, రేకుతో చేసిన గొట్టమూ ఫ్యానూ.

ఇక మీతో చెప్పవలసినవి. వైద్య విద్యార్థులారా, వచ్చే సోమవారం ఓపీలో ఆయాసంతో వచ్చిన మొదటి మనిషిని 'కంపెనీలో' అన్న జవాబు దగ్గర వదలకండి. చేత్తో ఏం ముట్టుకుంటావు, ముక్కుకు ఏం తగులుతుంది, నీతో పాటు పనిచేసేవాళ్లలో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడగండి. చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. జాస్పర్‌లో ఏళ్ల తరబడి ఎవరూ అడగనిది అదే. కాలేజీ పెద్దలకు నా విన్నపం: కేస్ షీటులో వృత్తి అన్న చోట ఒక గడి చాలదు, నాలుగు లైన్లు అచ్చువేయించండి. కార్మిక మిత్రులారా, పనిలో చేరిన రోజున స్పైరోమెట్రీ చేయమని అడగండి, ఏటా అడగండి, ఆ కాగితం నకలు ఫ్యాక్టరీ ఫైల్లో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకుని రేషన్ కార్డు, ఆధార్ పెట్టుకున్న చోటే పెట్టుకోండి. కంపెనీ మారినా, కాంట్రాక్టరు మారినా అది మీ దగ్గరే ఉంటుంది. యూనియన్లు వచ్చే వేతన ఒప్పందంలో జీతం పక్కనే ఈ పరీక్షనూ, దాని నకలునూ రాయించాలి.